వ్యాపారాన్ని బట్టి డిజిటల్ సైనేజ్ కనెక్షన్: ఒక సమీక్ష

వ్యాపార స్థలాల్లో ధరలు, ప్రకటనలు, సూచనలు, టోకెన్ నంబర్లు చూపే ఎలక్ట్రానిక్ తెరల వ్యవస్థను డిజిటల్ సైనేజ్ అంటారు. హోటల్ మెనూ బోర్డు, నగల దుకాణంలో బంగారం రేటు చూపే తెర, ఆసుపత్రి ఓపీ దగ్గరి టోకెన్ డిస్‌ప్లే, రైల్వే ప్లాట్‌ఫాం మీద బోగీల స్థానం తెలిపే బోర్డు, కూడలిలోని ఎల్‌ఈడీ హోర్డింగ్ అన్నీ ఈ కోవలోవే. తెర కొనడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. దానికి సమాచారం ఏ దారిన చేరాలి, ఎంత త్వరగా చేరాలి, ఆ దారి తెగినప్పుడు తెర మీద ఏం కనపడాలి అన్న దగ్గరే చిక్కులు మొదలవుతాయి.

కేబుల్ మేలా వైఫై మేలా, క్లౌడ్ మంచిదా సొంత సర్వర్ మంచిదా, వీడియోలు నడిపే విడి పెట్టె (ప్లేయర్) పెట్టాలా తెరలోనే ఉన్న చిప్ చాలా అంటూ అమ్మేవారు, అమర్చేవారు, వాడేవారు తలా ఒక మాట చెబుతున్నారు. మూడు వేర్వేరు కనెక్షన్లను ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లే ఈ వాదన ఇంత ముదిరింది. వాటిని విడదీసి చూస్తే చాలా తగాదాలు సులువుగా తేలిపోతాయి. నిజంగా తేలనివి ఏవో కూడా బయటపడతాయి.

మూడు కనెక్షన్లు, మూడు స్వభావాలు

మొదటిది బొమ్మ కనెక్షన్. ప్లేయర్ నుంచి తెరకు దృశ్యం చేరే దారి ఇది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు ఇందులోకి వస్తాయి. రెండోది నెట్ కనెక్షన్. ప్రధాన కార్యాలయం నుంచో క్లౌడ్ నుంచో వీడియో ఫైళ్లు, షెడ్యూళ్లు ప్లేయర్‌కు చేరే దారి ఇది. ల్యాన్ కేబుల్, వైఫై, 4జీ సిమ్ ఈ కోవలోవి. మూడోది సమాచార కనెక్షన్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, టోకెన్ మెషిన్, రైళ్ల సమాచార వ్యవస్థ వంటివాటి నుంచి అంకెలు, పేర్లు వచ్చి తెర మీద వాటంతట అవే మారేలా చేసేది ఇదే.

ఈ మూడూ మోసే బరువులో ఎంతో తేడా ఉంది. సెకనుకు 60 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ దృశ్యం కుదింపు లేకుండా కేబుల్‌లో వెళ్లాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. అదే దృశ్యాన్ని వీడియో ఫైలుగా కుదిస్తే సుమారు 8 మెగాబిట్లతో సరిపెట్టవచ్చు. అంటే దాదాపు 370 రెట్ల తేడా. ఇక ఒక వస్తువు ధర మారిందని చెప్పే సందేశానికి కొన్ని వందల బైట్లు చాలు. అందుకే బరువు మోసే బొమ్మ కనెక్షన్‌ను వీలైనంత పొట్టిగా ఉంచి, తేలికైన మిగతా రెండింటినీ ఎంత దూరమైనా సాగనివ్వాలి. ప్లేయర్‌ను తెర వెనకే బిగించే పద్ధతి బాగా వ్యాపించడానికి మూలం ఈ లెక్కే.

పెన్‌డ్రైవ్ నుంచి క్లౌడ్ దాకా

మారే సమాచారాన్ని బహిరంగ స్థలంలో చూపే యంత్రాలు కంప్యూటర్ తెరల కంటే పాతవి. ఇటలీకి చెందిన సొలారి కంపెనీ రెక్కల బోర్డు 1956లో బెల్జియంలోని లియేజ్ రైల్వే స్టేషన్‌లో అమరింది. రెక్కలు టపటపా తిరిగి రైలు వేళలు మారే ఆ బోర్డులు దశాబ్దాల పాటు స్టేషన్లను, విమానాశ్రయాలను ఏలాయి. దుకాణాల్లో మాత్రం వీడియో క్యాసెట్, డీవీడీ, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ రాజ్యం చేశాయి. వాటిలో నెట్ కనెక్షన్ అంటే ఒక మనిషి నడిచి వెళ్లి పెన్‌డ్రైవ్ మార్చడమే.

కేబుళ్ల వైపు 1987లో వీజీఏ, 2002 డిసెంబర్‌లో హెచ్‌డీఎంఐ మొదటి ప్రమాణం వచ్చాయి. 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్ల సామర్థ్యంతో 60 ఫ్రేముల 4కే దృశ్యాన్ని మోయగలిగింది. 2010లో ఎల్‌జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, వేలెన్స్ సంస్థలు కలిసి హెచ్‌డీబేస్‌టీ కూటమిని ఏర్పరిచాయి. మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీద దృశ్యం, శబ్దం, నియంత్రణ సంకేతాలు, కరెంటు అన్నింటినీ 100 మీటర్ల దాకా పంపడం ఈ కూటమి సాంకేతికత ప్రత్యేకత.

ఇదే కాలంలో నెట్‌వర్క్ కేబుల్‌తోనే పరికరానికి కరెంటు ఇచ్చే పవర్ ఓవర్ ఈథర్‌నెట్ కూడా బలపడింది. 2003 ప్రమాణంలో స్విచ్ ఒక పోర్టుకు 15.4 వాట్లు ఇవ్వగలిగేది. 2009లో అది 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది. చిన్న ప్లేయర్లు, టోకెన్ డిస్‌ప్లేలు, తక్కువ కరెంటు వాడే తెరలు విడిగా ప్లగ్ పాయింట్ లేకుండా నడవడం దీంతో సాధ్యమైంది. 2013లో శాంసంగ్ తెరలోనే ప్లేయర్ చిప్‌ను అమర్చిన సైనేజ్ వేదికను తెచ్చింది. ఎల్‌జీ వెబ్‌ఓఎస్ కూడా ఆ దారిలోనే నడిచింది. ఈ చిప్‌లు, చౌకైన ఆండ్రాయిడ్ ప్లేయర్లు, నెల చందాతో నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కలిసి ఈ రంగాన్ని చిన్న దుకాణం గుమ్మం దాకా తెచ్చాయి.

ప్రధాన వాదాలు

*కేబులా, వైఫైయా?* కేబుల్ పక్షం నమ్మకాన్ని ముందుపెడుతుంది. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల లోపు ఏళ్ల తరబడి ఒకేలా పనిచేస్తుంది, పక్క దుకాణం రౌటర్‌తో దానికి పేచీ ఉండదు. వైఫై పక్షం సౌలభ్యాన్ని చూపుతుంది. అద్దె దుకాణంలో గోడలు తవ్వనక్కర్లేదు, తెరను ఎక్కడికంటే అక్కడికి జరపవచ్చు. రెండు వాదాల్లోనూ నిజముంది. ఫైళ్లు రాత్రిపూట దిగి ప్లేయర్‌లోనే నిల్వ ఉండే పద్ధతిలో వైఫై అడపాదడపా పడిపోయినా నష్టం లేదు. నిమిష నిమిషానికీ మారే టోకెన్ నంబర్లకు మాత్రం కేబులే దిక్కు.

*నిల్వా, స్ట్రీమింగా?* ఇక్కడ లెక్కే తీర్పు చెబుతుంది. 8 మెగాబిట్ల వీడియోను రోజుకు పది గంటలు స్ట్రీమింగ్‌లో నడిపితే 36 జీబీ డేటా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్ అయితే అరగంట దాటగానే ఖాళీ. అదే వీడియో పది నిమిషాలదై, ఒకసారి దింపుకుని రోజంతా తిప్పితే 600 ఎంబీతో పని ముగుస్తుంది. ప్రత్యక్ష ప్రసారాలకు, పెద్ద సంస్థల్లో అందరినీ ఉద్దేశించి చేసే ప్రసంగాలకు తప్ప స్ట్రీమింగ్ అవసరం లేదన్న విషయంలో దాదాపు ఏకాభిప్రాయం ఉంది.

*క్లౌడా, సొంత సర్వరా?* గొలుసు దుకాణాలకు క్లౌడ్ వరం. హైదరాబాద్‌లో కూర్చుని విజయవాడ, విశాఖ శాఖల తెరలు మార్చవచ్చు. ఏ తెర ఆగిపోయిందో అక్కడి నుంచే తెలుస్తుంది. సొంత సర్వర్ పక్షం అడిగేది ఒకటే: బయటి నెట్ పోతే లోపలి పని ఎందుకు ఆగాలి? ఆసుపత్రి, బ్యాంకు, కర్మాగారం విషయంలో ఈ ప్రశ్నకు ఎదురులేదు. పెట్టుబడి లెక్క కూడా వేరు. క్లౌడ్‌లో మొదట్లో ఖర్చు తక్కువ, తెరకు ఇంతని చందా ఏటేటా కడుతూ ఉండాలి. సొంత సర్వర్‌కు మొదట్లో డబ్బు ఎక్కువ, దాన్ని చూసుకునే మనిషి కూడా కావాలి.

*విడి ప్లేయరా, తెరలోని చిప్పా?* చిప్ ఉన్న తెరకు కేబుళ్లు తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువ. అయితే తెర ఇంకా బాగా వెలుగుతుండగానే చిప్ పాతబడి, కొత్త సాఫ్ట్‌వేర్ నడపలేని స్థితికి రావచ్చు. విడి ప్లేయర్ అయితే దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. సాదా వీడియోలు, మెనూలు చూపే చోట చిప్ సరిపోతుంది. స్పర్శ తెరలు, పలు తెరల గోడలు, బరువైన యానిమేషన్లు ఉన్నచోట విడి ప్లేయర్‌దే పైచేయి.

వ్యాపారం వారీగా

*హోటళ్లు, రెస్టారెంట్లు.* ఉదయం టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిళ్లు ఇలా మెనూ పూటపూటకూ మారుతుంది. ఈ మార్పు నెట్ మీద ఆధారపడకుండా ప్లేయర్‌లోని గడియారంతోనే జరగాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో సమాచార కనెక్షన్ ఉంటే అయిపోయిన ఐటం బోర్డు మీద నుంచి దానంతట అదే తొలగుతుంది, ధర ఒకచోట మారిస్తే బిల్లులోనూ బోర్డులోనూ ఒకేసారి మారుతుంది. పది, అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న ఆహార సంస్థలు మెనూలో క్యాలరీల వివరం చూపాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో పేర్కొంది. ఐటంల పట్టిక ఒకేచోట ఉంటే ఈ నియమం పాటించడం తేలిక. కౌంటర్ మీద వరుసగా మూడు నాలుగు తెరలున్నప్పుడు ఒకే దృశ్యాన్ని స్ప్లిటర్‌తో అన్నింటికీ పంచడం చౌక. కానీ ఒక తెరలో టిఫిన్లు, మరో తెరలో జ్యూసులు చూపాలంటే తెరకో ప్లేయరో, పలు అవుట్‌పుట్‌ల ప్లేయరో తప్పదు.

*నగల దుకాణాలు, సూపర్‌మార్కెట్లు.* బంగారం రేటు మారేది రోజుకు కొన్ని సార్లే అయినా, అది తప్పుపడితే కౌంటర్ దగ్గర గొడవ ఖాయం. గ్రాము రేటును ఒక బాధ్యుడు ఒకేచోట నమోదు చేయాలి. అక్కడి నుంచే బిల్లుకూ, బోర్డుకూ, అన్ని శాఖలకూ వెళ్లాలి. బోర్డు మీద రేటుతో పాటు అది ఏ తేదీ, ఏ వేళ నాటిదో చూపడం మంచి పద్ధతి. సూపర్‌మార్కెట్లలో ఆఫర్ల వీడియోలు ఎక్కువ కాబట్టి రాత్రివేళ డౌన్‌లోడ్, పగలు నిల్వ నుంచి ప్రదర్శన అన్న విధానం సరిపోతుంది.

*ఆసుపత్రులు, బ్యాంకులు.* టోకెన్ డిస్‌ప్లే భవనం లోపలి నెట్‌వర్క్ మీదే నడవాలి. బయటి నెట్ పోయినా రోగుల వరుస ఆగకూడదు. తెర మీద పేరు, జబ్బు వివరం చూపకుండా టోకెన్ సంఖ్య, గది సంఖ్యతో సరిపెట్టడం మర్యాద. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఇది చట్టరీత్యా కూడా శ్రద్ధ పెట్టాల్సిన విషయమైంది. బ్యాంకుల్లో లావాదేవీల నెట్‌వర్క్‌ను, తెరల నెట్‌వర్క్‌ను వేరుచేయడం తొలి నియమం. తెరకు కావలసిన వడ్డీ రేట్లు, టోకెన్లు మాత్రమే ఒక ఇరుకైన ద్వారం గుండా ఇవతలికి రావాలి.

*పెట్రోల్ బంకులు.* 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఇంధన ధరలకు రోజువారీ సవరణ మొదలైంది. కొత్త ధర ఉదయం ఆరు గంటలకు అమల్లోకి వస్తుంది. బోర్డు మీద చూపాల్సినవి నాలుగైదు అంకెలే. అందుకు వీడియో తెర అవసరం లేదు, అంకెల ఎల్‌ఈడీ బోర్డు, ఒక సీరియల్ తీగ చాలు. పంపు యంత్రంలోని ధర, బోర్డు మీది ధర ఒకే మూలం నుంచి రావడమే ఇక్కడ కీలకం. ఇంధనం ఆవిరి చేరే పరిధిలో మామూలు ఎలక్ట్రానిక్ సామగ్రి, తీగల అతుకులు పెట్టకూడదు కాబట్టి, తెర ఎక్కడ ఉండాలో పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో నిబంధనలను చూసి నిర్ణయించాలి.

*రైల్వేలు, విమానాశ్రయాలు.* భారతీయ రైల్వేలో దాని పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ప్రమాణాలతో నడిచే సమగ్ర ప్రయాణికుల సమాచార వ్యవస్థ ఈ రంగానికి మంచి పాఠం. కంట్రోల్ గదిలోని కంప్యూటర్ నుంచి సమాచారం ప్రధాన హబ్‌కు, అక్కడి నుంచి ఒక్కో ప్లాట్‌ఫాం హబ్‌కు, దాని నుంచి బోగీల బోర్డులకు చేరుతుంది. చివరి దశలో పొడవైన దూరాలను తట్టుకునే ఆర్‌ఎస్-485 తీగలు వాడుతూ వచ్చారు. వ్యవస్థను మెట్లుగా విడదీయడం వల్ల ఒక ప్లాట్‌ఫాం వైపు తీగ తెగితే మిగతా ప్లాట్‌ఫాంలు ఆగవు. విమానాశ్రయాల్లో విమానాల వేళలు, గేట్లు, సామాను బెల్టులు అన్నీ ఒకే నిర్వహణ డేటాబేస్ నుంచి వందలాది తెరలకు వెళతాయి. ప్రధాన సర్వర్‌కు తోడుగా రెండోది, రెండు వేర్వేరు నెట్‌వర్క్ దారులు ఇక్కడ కనీస అవసరాలు.

*బహిరంగ ఎల్‌ఈడీ హోర్డింగులు.* ఇక్కడ బొమ్మ కనెక్షన్ లెక్క వేరు. దృశ్యాన్ని పంపే సెండింగ్ కార్డు నుంచి, తెరను కూర్చే క్యాబినెట్లలో దాన్ని అందుకునే రిసీవింగ్ కార్డులకు నెట్‌వర్క్ కేబుళ్లు వెళతాయి. ఒక గిగాబిట్ పోర్టు మామూలుగా 6.5 లక్షల పిక్సెళ్లను మోస్తుంది. ఫుల్ హెచ్‌డీ గోడలో 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి నాలుగు పోర్టులు కావాలి. నెట్ కోసం 4జీ రౌటర్, వీలైతే రెండు కంపెనీల సిమ్‌లు పెట్టడం ఆనవాయితీ. పిడుగులు, వోల్టేజీ ఎగుడుదిగుళ్ల నుంచి రక్షణకు సర్జ్ పరికరం, మంచి ఎర్తింగ్ లేకపోతే మిగతా తెలివితేటలన్నీ తొలి వర్షాకాలంలోనే వృథా.

తులనాత్మక సారాంశం

| వ్యాపారం | సమాచారం మారే వేగం | తగిన కనెక్షన్ | నెట్ పోతే తెర చేయాల్సింది |
|---|---|---|---|
| రెస్టారెంట్ | పూటకోసారి | వైఫై లేదా కేబుల్, బిల్లింగ్‌తో అనుసంధానం | నిల్వ ఉన్న మెనూ చూపాలి |
| నగల దుకాణం | రోజుకు కొన్ని సార్లు | కేబుల్, క్లౌడ్ | తేదీ, వేళతో చివరి రేటు. గడువు దాటితే రేటు తొలగించాలి |
| సూపర్‌మార్కెట్ | వారానికి కొన్ని సార్లు | రాత్రివేళ డౌన్‌లోడ్ | నిల్వ ఉన్న వీడియోలు |
| ఆసుపత్రి, బ్యాంకు | నిమిషాల్లో | లోపలి కేబుల్, సొంత సర్వర్ | లోపలి నెట్‌వర్క్‌తో కొనసాగాలి |
| పెట్రోల్ బంకు | రోజుకోసారి | సీరియల్ తీగ, ఆటోమేషన్ వ్యవస్థ | పంపు ధరతో పోల్చి సరిచూడాలి |
| రైల్వే, విమానాశ్రయం | క్షణాల్లో | మెట్ల పద్ధతి, జంట దారులు | పాత వేళలు తొలగించి సూచన చూపాలి |
| హోర్డింగ్ | రోజుల్లో | 4జీ, రెండు సిమ్‌లు | నిల్వ ఉన్న ప్రకటనలు |

ఈ పట్టికలో చివరి నిలువు వరుస చాలా ఒప్పందాల్లో ఎక్కడా కనపడదు, నిజానికి అన్నింటికంటే ముందు రాసుకోవాల్సింది అదే. ప్రకటన పాతదైతే పోయేదేమీ లేదు. ధర పాతదైతే నమ్మకం పోతుంది. రైలు ప్లాట్‌ఫాం సంఖ్య పాతదైతే ప్రయాణమే తప్పిపోతుంది. కాబట్టి తెరకు వచ్చే ప్రతి సమాచారానికీ ఒక గడువు ఉండాలి. గడువు దాటిన ప్రకటన నడవవచ్చు, గడువు దాటిన ధర మాయమవ్వాలి. కనెక్షన్ మీద ఎంత ఖర్చు పెట్టాలో తేల్చేది తెర సైజు కంటే ఈ నష్టం లెక్కే.

భద్రత

బహిరంగ తెర పరాయి చేతుల్లోకి పోతే పరువు క్షణాల్లో పోతుంది. 2017 ఏప్రిల్‌లో ఢిల్లీ రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్‌లోనూ, 2023 మార్చిలో పట్నా జంక్షన్‌లోనూ ప్రకటనల తెరల మీద అశ్లీల దృశ్యాలు ప్రదర్శితమై పెద్ద దుమారం రేగింది. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్లినప్పుడు అక్కడి సెవెన్ ఇలెవెన్ దుకాణాల తెరలు హ్యాకర్ల చేతుల్లోకి వెళ్లి ఆమెకు వ్యతిరేకంగా నినాదాలు చూపాయి. తెర వెనుక తెరిచి ఉన్న యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మార్చకపోవడం, కస్టమర్ల వైఫై మీదే తెరలు కూడా నడపడం ఈ రంగంలో తరచూ కనపడే బలహీనతలు. పోర్టులకు తాళం, వేరు నెట్‌వర్క్, ఫైలు తెర ఎక్కే ముందు ఇంకొకరి ఆమోదం అన్న మూడు జాగ్రత్తలకు ఖర్చు దాదాపు సున్నా.

దాడి లేకపోయినా వ్యవస్థ కూలవచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపంతో ప్రపంచమంతా ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఎన్నో విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఢిల్లీ విమానాశ్రయంలో విమానాల వివరాలను తెల్ల బోర్డు మీద చేత్తో రాయాల్సి వచ్చింది. అన్ని తెరలూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడితే అన్నీ ఒకేసారి ఆరిపోతాయన్నది ఆ రోజు రుజువైంది.

తెలుగు లిపి పరీక్ష

సమాచార కనెక్షన్‌లో తెలుగు వ్యాపారులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వీడియోగా, బొమ్మగా పంపిన తెలుగు ఎక్కడైనా సరిగానే కనపడుతుంది. బిల్లింగ్ నుంచి అక్షరాలుగా వచ్చిన తెలుగును మాత్రం ప్లేయరే కూర్చి చూపాలి. తెలుగు ఫాంట్ లేని ప్లేయర్‌లో ఖాళీ డబ్బాలు కనపడతాయి. ఒత్తులు కూర్చడం తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లో "స్ట్రాబెర్రీ" అన్న పేరు "స్‌ట్‌రాబెర్‌రీ"గా విడిపోతుంది. తెలుగు ఫాంట్‌ను మెనూ ఫైళ్లతో పాటే ప్లేయర్‌కు పంపడం ఒక పరిష్కారం. సర్వర్ దగ్గరే అక్షరాలను బొమ్మగా మార్చి పంపడం మరొకటి. దీనివల్ల డేటా కొంచెం పెరుగుతుంది, కానీ పాత పరికరాలకు నమ్మకమైన దారి ఇదే. ఒప్పందానికి ముందే సొంత మెనూ మొత్తాన్ని ప్లేయర్‌లో ఎక్కించి చూడటం అన్నింటికంటే క్షేమం.

ఇంకా తేలనివి

ప్రమాణాల సంగతి మొదటిది. కేబుళ్లకు గట్టి ప్రమాణాలు ఉన్నా, షెడ్యూళ్లకు, ఫైళ్లకు అందరూ ఒప్పుకున్న భాష లేదు. 1998లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన స్మిల్ అనే భాషను కొందరు ప్లేయర్ తయారీదారులు వాడుతున్నా అది అందరి భాష కాలేకపోయింది. అందువల్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ మారాలనుకున్న వ్యాపారి పని మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

రెండోది 5జీ. 2022 అక్టోబర్‌లో దేశంలో ఈ సేవలు మొదలయ్యాయి. హోర్డింగులకు, తాత్కాలిక ప్రదర్శనలకు అది మేలైన దారి. భవనాల లోపల కేబుల్‌కు అది ప్రత్యామ్నాయం అవుతుందా అన్నది సిగ్నల్ మీద, నెలవారీ ఖర్చు మీద ఆధారపడిన ప్రశ్న.

మూడోది తెర మీది కెమెరా. ఎదురుగా నిలబడ్డవారి వయసు, లింగం అంచనా వేసి ప్రకటన మార్చే పద్ధతులు వచ్చాయి. ముఖాల చిత్రాలను నిల్వ చేయకుండా లెక్క మాత్రమే తీసుకుంటున్నామని అమ్మకందారులు అంటారు. అడగకుండా చూడటమే తప్పని ఎదుటి పక్షం అంటుంది. దుకాణంలోకి అడుగుపెట్టినంత మాత్రాన అంగీకారం ఇచ్చినట్టేనా అన్న దగ్గర వాదన ఆగి ఉంది.

చివరిది నిర్వహణ. పెద్ద సంస్థలకు సాంకేతిక సిబ్బంది ఉంటారు. చిన్న హోటల్ యజమానికి తెర ఆగితే పిలిచే మనిషి కావాలి. ఎన్ని కొత్త అనుసంధానాలు చేరిస్తే అన్ని కొత్త చోట్ల వ్యవస్థ ఆగవచ్చు. ఒక్క దుకాణం, ఒక్క తెర, అరుదుగా మారే మెనూ ఉన్నచోట పెన్‌డ్రైవ్ ఇప్పటికీ తగిన జవాబే. శాఖలు పెరిగేకొద్దీ, ధరలు మారే వేగం పెరిగేకొద్దీ నెట్ కనెక్షన్, ఆ తర్వాత సమాచార కనెక్షన్ అన్న వరుసలో మెట్టుమెట్టుగా ఎదగడమే ఎక్కువ వ్యాపారాలకు సురక్షితం.